వృద్ధాశ్రమంలో చేర్చితే ధర్మం తప్పినట్టేనా?

మంచాన పడ్డ తల్లినో తండ్రినో వృద్ధాశ్రమంలో చేర్చాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఖర్చు సంగతి కంటే ముందు మనల్ని పట్టుకునేది పాపభీతి. తల్లిదండ్రులను దైవంగా చూడమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి చెప్పింది. కన్నవాళ్లను కావడిలో మోసిన శ్రవణకుమారుడి కథ వింటూ పెరిగాం. అందుకే గడప దాటించడమే ద్రోహమన్న భావం లోతుగా నాటుకుపోయింది. నా దృష్టిలో ధర్మం పూచీలో ఉంది. పెద్దవారి ఒంటికీ మనసుకూ జరిగేదానికి పూచీ వహించినంత కాలం చోటు మారినా ధర్మం తప్పదు. ఆ పూచీ వదిలేస్తే నట్టింట్లో మంచం వేసినా తప్పినట్టే.

దీనికి మహాభారతమే సాక్ష్యం. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్లు ధర్మరాజు నీడనే ఉన్నాడు. భోగాలకు లోటు లేదు. పెదనాన్న మనసు నొప్పించవద్దని ధర్మరాజు తమ్ముళ్లకు గట్టిగా చెప్పాడు కూడా. అయినా భీముడు పాత పగ మరవలేదు. కౌరవులను చంపిన చేతులివేనని ఆ ముసలి దంపతులకు వినపడేలా జబ్బలు చరిచాడు. ఇది ధర్మరాజుకు తెలియదు, కుంతికీ ద్రౌపదికీ తెలియదు. అంతటి ధర్మాత్ముడి ఇంట్లోనే పెద్దవారికి ఇంత అవమానం జరిగింది! ధృతరాష్ట్రుడు అడవికి పోతానంటే ధర్మరాజు మొదట ఒప్పుకోలేదు; వ్యాసుడు నచ్చజెప్పాకే సరేనన్నాడు. కొడుకులు రాజ్యమేలుతుండగా కుంతి కూడా ఆ ముసలి దంపతుల వెంట నడిచింది. తర్వాత పాండవులు కుటుంబాలతో సహా అడవిలో వాళ్లున్న ఆశ్రమానికి వెళ్లి, వాళ్లతో గడిపి వచ్చారు. తిక్కన తెనిగించిన ఆశ్రమవాస పర్వంలో ఉన్నది ఈ కథే. వానప్రస్థం ఇష్టపడి స్వీకరించేది, వృద్ధాశ్రమానికి ఇంకొకరు పంపుతారు, రెండూ ఒకటెలా అవుతాయని అడగవచ్చు. ఒకటి కావు, సమ్మతి గురించిన ఆ తేడా చాలా పెద్దది. అయితే ఇంట్లో ఉన్నంత మాత్రాన గౌరవం దక్కుతుందన్న నమ్మకం నిలవదని మాత్రం ఈ కథ చూపిస్తుంది.

సేవ కన్నబిడ్డ చేతులతోనే జరగాలంటారు. ఆదర్శంగా కాదనను. కానీ ఆ చేతులు ఎవరివో నిజాయితీగా చూడాలి. శాస్త్రం కొడుక్కి చెప్పిన విధిని మన ఇళ్లలో తరతరాలుగా కోడళ్లు, కూతుళ్లు మోశారు. పేరు మాత్రం కొడుక్కి వచ్చింది. పైగా ఇది ప్రేమ ఒక్కదానితో అయ్యే పని కాదు. కదలలేని మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మింగడం కష్టమైనవారికి పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. డిమెన్షియా ఉన్నవారు అర్ధరాత్రి లేచి వీధిలోకి నడిచిపోవచ్చు. ఒక్క మనిషి ఇదంతా పగలూ రాత్రీ చేయలేదు. పని తెలిసినవారి సాయం తీసుకోవడం ప్రేమకు లోటు కాదు.

అలాగైతే తప్పించుకునేవారికి సాకు దొరకదా? దొరుకుతుంది. అందుకే గీత ఎక్కడుందో తెలియాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 జిల్లాకొక వృద్ధాశ్రమమైనా ఉండాలన్న ఆలోచనను ఆమోదించింది. అదే చట్టం, పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో పెద్దవారిని ఎక్కడైనా విడిచిపెడితే 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. నేరమంతా వదిలించుకోవడంలో ఉంది.

ప్రతి నెలా ఫీజు కడుతున్నాం కదా అని ఊరుకోవడం కూడా వదిలించుకోవడమే. విదేశాల్లో ఉన్న బిడ్డలు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి. చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి. రేపు మంచాన పడితే ఉంచుకుంటారా అని ముందే అడగాలి. రాత్రిపూట నర్సు ఉంటుందా, ఆయాలేనా? ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, అక్కడ సంతకం ఎవరు పెడతారు? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. చేర్చాక చెప్పకుండా వెళ్లాలి, భోజనం వేళ వెళ్లాలి. మడమలు, నడుము చూడాలి. పగలంతా మత్తుగా పడి ఉంటే ఏ మాత్ర ఇస్తున్నారో, ఎవరు రాశారో నిలదీయాలి. దూరాన ఉన్నవారు ఈ పని చేయగల దగ్గరివారిని ముందే కుదుర్చుకోవాలి.

ఇక సమ్మతి. ధృతరాష్ట్రుడు తానే అడిగాడు. మన పెద్దలను మనం అడగడం లేదు. మందుల కోసమనో, నాలుగు రోజులకనో అబద్ధం చెప్పి దింపి వచ్చేవారున్నారు. ఎంత మంచి ఆశ్రమమైనా ఆ అబద్ధం పాపమే. మతి సరిగా లేనివారికి కూడా ఇష్టాయిష్టాలు ఉంటాయి; తినే తిండి, వినే పాట, పక్కన ఉండాల్సిన దేవుడి పటం గురించైనా వాళ్ల మాట చెల్లాలి. మీ ఇంట్లో ఈ నిర్ణయం తీసుకోవలసి వస్తే, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని మాట్లాడుకునే ముందు ఆ మనిషి దగ్గర కూర్చోండి. అప్పుడు మీకు నచ్చని జవాబు వచ్చినా పూర్తిగా వినండి.