పాత బండి, పెరిగిన ధర, విశ్వాసి అమానత్

ఆరాధనలు మన ధర్మానికి మూలస్తంభాలు. అయితే ఆ ఆరాధనలు మనిషిని ఎంతవరకు తీర్చిదిద్దాయన్నది బజారులో తెలుస్తుంది. కొనేటప్పుడు న్యాయం గురించి అందరూ మాట్లాడతారు. సరుకు మన చేతిలో ఉండి, గిరాకీ జోరుగా ఉండి, అవతలివాడు అవసరంలో ఉన్నప్పుడు మన మనసు ఎటు మొగ్గుతుందన్నదే అసలు పరీక్ష.

మన సమాజంలో ఎన్నో కుటుంబాలకు పికప్ బండే జీవనాధారం. మదనపల్లె మార్కెట్టు నుండి టమాటా తోలేవారు, ఊరూరా పండ్లు అమ్మేవారు, ఇనుము, సిమెంటు, ఫర్నిచరు కిరాయిలకు తిరిగేవారు మన చుట్టూ ఉన్నారు. ఇలాంటి ఇంట్లో అప్పుడప్పుడు ఒక ప్రశ్న తలెత్తుతుంది. పాత బండ్లకు బజారులో మంచి ధర పలుకుతోంది. ఇప్పుడే అమ్ముకుంటే లాభం కదా! అమ్మాలా, ఉంచుకోవాలా? అమ్మితే ఆ పెరిగిన సొమ్ము పూర్తిగా హలాలేనా? చూడటానికి ఇది లెక్కల ప్రశ్నలా ఉంటుంది. నిజానికి ఇందులో దీన్‌కు సంబంధించిన విషయాలు ఎన్నో ఉన్నాయి.

ధర ఎందుకు పెరుగుతుంది?

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటితో కొత్త బండ్ల ధరలు పెరిగాయి. 2021లో ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత వచ్చి కొత్త వాహనాల కోసం నెలల తరబడి ఎదురు చూడవలసి వచ్చింది. కొత్తవి దొరకనప్పుడు జనం పాతవాటి వెంట పడతారు. అమెరికాలో 2021 జూన్ నాటికి పాత కార్లు, ట్రక్కుల ధరలు ఒక్క ఏడాదిలోనే 45 శాతం పెరిగాయి. తర్వాత గాలి మళ్ళింది. మన దేశంలో 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు రవాణా వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి చౌక అయితే పాత బండి కూడా దిగక తప్పదు.

ఇక్కడ ఒక సత్యం గమనించాలి. ధర పెరిగిన రోజుల్లో బండి మెరుగుపడలేదు. అది మరో ఏడాది ముసలిదయింది, టైర్లు అరిగాయి, ఇంజను అలసింది. పెరిగిన ఆ లక్ష రూపాయలు మన కష్టానికి వచ్చిన కూలీ కావు, మన తెలివికి వచ్చిన ఫలమూ కావు. అది అల్లాహ్ నిర్ణయంతో మన వాకిట్లోకి వచ్చిన అనుగ్రహం. ప్రతి అనుగ్రహం ఒక పరీక్ష కూడా.

ఎక్కువ ధరకు అమ్మడం పాపమా?

కాదు. బజారు ధరకు అమ్ముకోవడం ధర్మసమ్మతమే. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని దివ్యఖుర్ఆన్ అన్ నిసా సూరా 29వ ఆయతులో అనుమతించింది. మదీనాలో ఒకసారి ధరలు పెరిగినప్పుడు, ధరలు నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త (స) వారిని కోరారు. ఆయన (స) అందుకు ఒప్పుకోలేదు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్ అనీ, ఎవరి ప్రాణం విషయంలోగానీ ధనం విషయంలోగానీ తనపై ఫిర్యాదు లేని స్థితిలో తన ప్రభువును కలుసుకోవాలని ఆశిస్తున్నాననీ ఆయన చెప్పిన మాటల సారాంశం. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది.

2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఆ ధరకు అమ్ముకున్న రైతు పాపి కాడు. అలాగే గిరాకీ ఉన్న రోజున బండి అమ్ముకునేవాడూ పాపి కాడు. సొంత వాడకం కోసం బండిని ఉంచుకున్నవాడు అక్రమ నిల్వదారు (ముహ్‌తకిర్) కూడా కాడు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో నిషిద్ధమైన నిల్వ మనుషుల, పశువుల ఆహారానికి సంబంధించినది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం ఏ వస్తువును బిగబట్టడం వల్ల ప్రజలకు హాని కలిగినా అది నిషిద్ధ నిల్వే అన్నారు. కాబట్టి కొరత రోజుల్లో బండ్లు పోగుచేసి, ధర ఇంకా పెంచడానికి దాచిపెట్టే వ్యాపారులు ఈ మాట గురించి ఆలోచించాలి.

అమ్మాలా, ఉంచుకోవాలా?

ఇది అవసరాన్ని బట్టి తేలవలసిన విషయం. ఒక ఉదాహరణ చూద్దాం. ఒకతని బండి బాకీ పూర్తిగా తీరిపోయింది. మూడున్నర లక్షలు వస్తాయనుకున్న బండికి నాలుగున్నర లక్షలు అడుగుతున్నారు. లక్ష లాభమని అతను సంబరపడతాడు. మరి రేపటి నుండి కిరాయికి ఏ బండి తోలాలి? అలాంటి పాత బండే కొనాలంటే అదే పెరిగిన ధర పెట్టాలి. ఎక్కువ ధర అతని చేతికి ఇచ్చిన లక్షను బజారు మరో చేత్తో వెనక్కి లాక్కుంటుంది.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. చేతికి వచ్చిన సొమ్ము ముందుగా కట్టి, మిగతాది వడ్డీ వాయిదాలపై తీసుకుని కొత్త బండి ఎక్కేవారు కొందరు. నిన్నటి వరకు బాకీ లేకుండా హలాల్ రొట్టె తిన్న ఇల్లు ఈ రోజు వడ్డీలో అడుగు పెట్టింది! వడ్డీని వదలనివారికి అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని అల్ బఖరా సూరా 279వ ఆయతు హెచ్చరిస్తోంది. లక్ష రూపాయల లాభానికి ఇది ఎంత పెద్ద మూల్యమో ఆలోచించండి.

దీనికి భిన్నమైన పరిస్థితి కూడా ఉంటుంది. బండి వడ్డీ అప్పులోనే ఉంది. ఈ ధరకు అమ్మితే అప్పంతా తీరిపోతుంది. లేదా ఇంట్లో రెండో బండి ఖాళీగా నిలబడి ఉంది, బాకీదారులు గుమ్మం చుట్టూ తిరుగుతున్నారు. ఇలాంటప్పుడు పెరిగిన ధర అల్లాహ్ తెరిచిన ద్వారమే. ఇంకో పాతిక వేలు పెరుగుతుందేమోనని ఆగకుండా అమ్మి అప్పు తీర్చాలి. స్తోమత ఉండి కూడా బాకీ వాయిదా వేయడం దౌర్జన్యమని హదీసులో వచ్చింది.

ఇల్లు, స్థిరాస్తి అమ్మినవాడు ఆ సొమ్మును అలాంటిదానిలోనే పెట్టకపోతే అందులో బర్కత్ ఉండదన్న భావంతో ఇబ్నె మాజాలో ఒక ఉల్లేఖనం ఉంది. అది స్థిరాస్తి గురించే. అయినా జీవనోపాధి సాధనాన్ని అమ్మి, పెళ్ళి ఆర్భాటాలకో, ఫోన్లకో ఖర్చు చేసేవారు దాని నుండి గుణపాఠం నేర్చుకోవచ్చు. నిర్ణయానికి ముందు ఇంటి వాళ్ళతో మష్వరా చేయాలి. ఇల్లు ఎలా గడుస్తోందో భార్యకు తెలిసినంతగా బ్రోకరుకు తెలియదు. ఆ తర్వాత రెండు రకాతులు చదివి ఇస్తిఖారా చేయాలి.

గుర్రం, ఒంటె చెప్పే పాఠం

ఆ రోజుల్లో వాహనాలంటే గుర్రాలు, ఒంటెలే. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం ఆయన సేవకుడు మూడు వందల దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడి, సొమ్ము ఇప్పించడానికి యజమానిని వెంటబెట్టుకు వచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూశారు. ఇది మూడు వందల కంటే విలువైనదని చెప్పి నాలుగు వందలిస్తానన్నారు, ఆ తర్వాత ఐదు వందలన్నారు. అలా తానే ధర పెంచుకుంటూ పోయి చివరకు ఎనిమిది వందలకు కొన్నారు. ప్రతి ముస్లిం శ్రేయస్సు కోరతానని దైవప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేశానన్నదే అందుకు ఆయన చెప్పిన కారణం. ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఈ సంఘటనను పేర్కొన్నారు.

మరో సంఘటన. ఒకతను మూడు వందల దిర్హములకు ఒంటెను అమ్మాడు. కొన్నవాడు దాన్ని తోలుకుపోతుంటే హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ్ (రజి) అతని వెనకే పరుగెత్తి, మాంసానికి కొన్నావా, ప్రయాణానికా అని అడిగారు. ప్రయాణానికన్నాడు. దాని కాలికి రంధ్రం పడిందనీ, దూర ప్రయాణానికి తట్టుకోదనీ వాసిలా (రజి) చెప్పారు. కొన్నవాడు తిరిగి వచ్చాడు, అమ్మినవాడు వంద దిర్హములు తగ్గించవలసి వచ్చింది. నా బేరం పాడు చేశారే అని అతను వాపోయాడు. లోపం చెప్పకుండా అమ్మడం ఎలా ధర్మసమ్మతం కాదో, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఉండటం కూడా అలాగే ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) నోట విన్నానని వాసిలా (రజి) బదులిచ్చారు. ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో దీన్ని ఉదహరించారు.

మన మెకానిక్ సోదరులు ఈ రెండో సంఘటనను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇంజను ఆయిలు తాగుతోందని, చాసిస్‌కు వెల్డింగు పడిందని అందరికంటే ముందు తెలిసేది వారికే. కొనేవాడు నమ్మి బండి చూపించినప్పుడు, అమ్మేవాడు స్నేహితుడని మౌనం వహించడం అమానత్‌కు ద్రోహం.

బోల్తా పడిన చరిత్రను దాచడం, కిలోమీటర్ల మీటరు వెనక్కి తిప్పడం, గేరుబాక్సు శబ్దం వినపడకుండా తాత్కాలికంగా ఏదో పోసి నడిపించడం, ఇవన్నీ పైన ఎండు ధాన్యం పోసి లోపల తడి ధాన్యం దాచడమే. అలా చేసిన వ్యాపారి ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి తడి తగలగానే, మోసగించేవాడు మావాడు కాడన్న భావంతో మందలించారు. 'ఉన్నది ఉన్నట్టు తీసుకో, తర్వాత నాకు సంబంధం లేదు' అని అమ్మేవారున్నారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆ షరతు చెల్లవచ్చు, బండి వాపసు హక్కు పోవచ్చు. కాని తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ ఒక్క మాటతో పోదు. కొనేవాడు ముస్లిమేతరుడైనా ఇదే నియమం. మనతో వైరం లేనివారి పట్ల న్యాయంగా, మంచిగా మెలగమని అల్ ముంతహనా సూరా 8వ ఆయతు బోధిస్తోంది.

'పొద్దున ఒకాయన ఐదు లక్షలకు అడిగి వెళ్ళాడు' అన్న అబద్ధం బజారులో అలవాటయిపోయింది. దానిపై ప్రమాణం కూడా చేస్తే అది మరింత ఘోరం. అలా అబద్ధపు ప్రమాణం చేసి సరుకు అంటగట్టేవాడు ప్రళయదినాన అల్లాహ్ కరుణాదృష్టికి నోచుకోడని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది.

మధ్యవర్తి, బయానా, కాగితాలు

దైవప్రవక్త (స) హజ్రత్ ఉర్వా (రజి)కు ఒక దీనారు ఇచ్చి మేకను కొనమన్నారు. ఆయన దానితో రెండు మేకలు కొని, ఒకటి దీనారుకు అమ్మి, మేకనూ దీనారునూ తెచ్చి ఇచ్చారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో బర్కత్ కోసం దుఆ చేశారు. బుఖారీలోని ఈ హదీసులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, లాభం రెట్టింపయినా అది హరామ్ కాదు. రెండు, మధ్యవర్తి ఆ లాభాన్ని తన జేబులో వేసుకోలేదు. యజమానికి నాలుగు లక్షలని చెప్పి, నాలుగున్నరకు అమ్మి, పైది దాచుకునే బ్రోకరు ఈ హదీసు ముందు తనను తాను నిలబెట్టుకోవాలి. అతను తన కమీషను ముందే తేటతెల్లంగా మాట్లాడుకోవాలి.

ధరలు పెరిగే రోజుల్లో మరో పరీక్ష వస్తుంది. బేరం కుదిరింది, బయానా అందింది, ఇద్దరూ విడిపోయారు. మర్నాడు ఇంకొకడు ముప్పై వేలు ఎక్కువ ఇస్తానన్నాడు. ఇక్కడ పండితులందరి మాటా ఒక్కటే. కుదిరిన బేరానికి కట్టుబడాలి. ఒకరి బేరంపై మరొకరు బేరం చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. వంకలు వెతికి బయానా తిప్పికొట్టడం విశ్వాసికి తగదు.

కాగితాలూ అమానతే. బండిపై ఫైనాన్స్ మిగిలి ఉంటే ముందే చెప్పాలి. 29, 30 ఫారాలు నింపి పేరు మార్పిడి పూర్తి చేయించాలి. రిజిస్ట్రేషనులో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పేరు మార్చకుండా తాళాలిస్తే, రేపు ప్రమాదం జరిగినప్పుడు బాధితుని హక్కు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆలోచించాలి.

జకాత్ సంగతి

పనికి తిరిగే బండిపై జకాత్ లేదు. దాని సంపాదనలో మిగిలినదానిపైనే ఉంది. వాడకానికి కొన్న బండిని అమ్మాలని మనసులో అనుకున్నంత మాత్రాన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అది వ్యాపార సరుకు కాదు. అమ్మాక చేతికొచ్చిన సొమ్ము మాత్రం మిగతా ధనంతో కలుస్తుంది. నిసాబ్ ఉన్నవారు తమ జకాత్ సంవత్సరం ముగిసే రోజున మిగిలి ఉన్నదానిపై రెండున్నర శాతం చెల్లించాలి. అమ్మే ఉద్దేశంతోనే కొన్న బండ్లకైతే ఏటా బజారు విలువపై జకాత్ విధి.

సోదరులారా! పెరిగిన ధర రెండు చోట్ల నుండి మనకు రావచ్చు. ఒకటి బజారు నుండి, అది హలాల్. రెండోది ఎదుటివాని తెలియనితనం నుండి, అది అతని సొమ్ము. అమ్మి వచ్చిన డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఏ నోటు ఎక్కడిదో మన మనస్సాక్షికి తెలుసు. నిజం చెప్పి, లోపం వివరించి అమ్మితే ఇద్దరి బేరంలోనూ బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతోంది. కొనేవాడు కూడా పిల్లల కడుపు నింపడానికే బండి కొంటున్నాడు. కొంత గడువు అడిగితే ఇవ్వండి, పది వేలు తగ్గించమంటే మనసు పెద్దది చేసుకోండి. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మృదువుగా వ్యవహరించేవానిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ దుఆలో చోటు దొరకడం ఏ ధర కంటేనైనా గొప్ప లాభం.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌తో నింపి, మన బేరాల్లో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.