చూడటం నేర్పే చదువు

పుణెలో ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ మూతపడ్డాక, అదే స్టూడియో ఆవరణలో 1960లో ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. దర్శకుడు ఋత్విక్ ఘటక్ కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పారు. తర్వాత దర్శకులైన మణి కౌల్, కుమార్ షహానీ ఆయన శిష్యులే.

ఈ సినిమా చదువులో ముందు పదును పెట్టేది కంటికి. ఒక షాట్‌లో సగం తాగిన టీ గ్లాసు తర్వాతి షాట్‌లో నిండుగా కనబడిందా, ఎడిటింగ్‌లో ఎన్ని తంటాలు పడ్డా అతకదు. షాట్ మొదట్లో క్లాప్‌బోర్డు చెక్కలు కొట్టడం హడావుడి కోసమనుకుంటారు చాలామంది. ఆ చెక్కలు తాకిన ఫ్రేమునూ, 'టప్'మన్న చప్పుడునూ జత చేస్తే మాట పెదవికి సరిపోతుంది.

మన ఇళ్లలో పిల్లలు సినిమా చదువుతామంటే, "హీరో అయిపోదామనా?" అని నవ్వేస్తాం. అదేం వెటకారమో! 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఆ పుణె ఇన్‌స్టిట్యూట్‌లో చదివింది సౌండు.