అమ్ముగూడ కుర్రాడి బూట్లు

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు తులసీదాస్ బలరాం. ఫుట్‌బాల్ అంటే ప్రాణం, బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను బాగుచేయించుకుని మైదానంలోకి దిగాడు. ఆ కాళ్లలోని ఆటను గుర్తించింది కోచ్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన జట్టులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం!

ఆ రోజుల్లో పోలీసు, రైల్వే జట్లు ఆటగాడికి నెలజీతం ఇచ్చేవి. ఇల్లు గడిచేది దానితోనే. బలరాం కూడా రైల్వే జట్టుకు ఆడాడు. ఇప్పుడు బస్తీ పిల్లలకు అలాంటి జీతాలు అరుదు, ఆడుకునే జాగా ఇంకా అరుదు. ఈ సాయంత్రం మీ వీధిలో పిల్లలు బంతి తంతుంటే కాసేపు ఆగండి. వాళ్ల కాళ్లకు బూట్లున్నాయేమో చూడండి.