సముద్రపు పరిగె

చదువవలసిన భాగములు: లేవీ. 19:9, 10, ద్వితీ. 22:6, 7, మత్తయి 6:26



ఆకాశపక్షులను చూడుడని మన ప్రభువు సెలవిచ్చిన మాటమీద మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. గాని నిజముగా పక్షులను చూచి ప్రసంగించినది తక్కువ. మొన్నటి చలికాలమున కళింగపట్నములో, వంశధార సముద్రములో కలియు చోట, ఒక ఉదయమున ఇసుకమీద నిలిచి చూచితిమి. తోక చీలిన చిన్న తెల్లని పక్షి యొకటి గాలిలో ఆగి, తలవంచి, రాయి పడినట్లు నీటిలో పడినది. ఏమియు దొరకలేదు. మరల లేచినది, మరల పడినది. అయిదవమారు దాని ముక్కున నెత్తల్లి మెరసినది. పక్షులు విత్తవు, కోయవు అన్నంత మాత్రమున అవి శ్రమపడవని అర్థము కాదు. తండ్రి వాటిని పోషించును, నిజమే. ఆ పోషణ నీటిలో నున్నది. నీరు ఖాళీయైన యెడల?

ఆ చోటనే ఎర్రముక్కు గల పెద్ద పక్షులు కూడ ఉండెను. అవి టిబెట్ సరస్సుల యొద్ద పిల్లలను పెంచి, చలికాలమునకు హిమాలయములు దాటి మన తీరమునకు వచ్చును. అవి లోతుకు మునుగజాలవు; అలమీద తేలినదానినే ఏరుకొనును. వంజరములు, సూరలు క్రిందనుండి తరిమినప్పుడు నెత్తళ్లు, కవ్వళ్లు పైకి వచ్చును. కావుననే మన వేటవారు పిట్టలు మూగిన దిక్కునకు పడవ త్రిప్పుదురు. పిట్టకును మనిషికిని ఒకటే పంక్తి.

ఆ పంక్తిలో ఇప్పుడు మరియొకరు కూర్చుండిరి. మరపడవల సన్నకంటి వలలు పిల్లచేపలను సహా ఊడ్చుకొని పోవును. వాటిలో ఎంతో భాగము మనిషి కంచములోనికి రాదు. ఎండబెట్టి పొడిచేసి కోళ్లకును, రొయ్యల చెరువులకును మేతగా వేయుదురు. పొలము దున్నుకొను సంఘములవారు ఇది తీరమువారి గొడవ అనుకొనవద్దు. మనము కొను కోడిగ్రుడ్డులో కూడ ఆ నెత్తల్లి పాలున్నది.

2011లో కొందరు శాస్త్రజ్ఞులు లోకమందలి 7 సముద్ర ప్రాంతములలో 14 జాతుల పక్షుల లెక్కలు కూర్చి చూచిరి. చిన్న చేపల రాశి దాని హెచ్చు స్థితిలో మూడవ వంతుకంటె తగ్గినప్పుడు పక్షులు పిల్లలను పెంచలేకపోవుచున్నవని తేలినది. మన బంగాళాఖాతము ఆ లెక్కలో లేదు. అయినను లేవీయకాండము ఎరిగినవారికి ఆ మాట కొత్తది కాదు. పొలము ఓరలను పూర్తిగా కోయవద్దని, పరిగె ఏరుకొనవద్దని దేవుడు ఆజ్ఞాపించెను. ఓర ఎంత విడువవలెనో అచ్చట కొలత చెప్పలేదు. అది కోయువాని మనస్సాక్షికి విడువబడెను. సముద్రమునకు గట్టు లేదు గనుక ఓరయు లేదని మనము అనుకొంటిమి.

ఈ సంగతి ఒడ్డున చెప్పుచుండగా ఒక సహోదరి, ఎండుచేపలు త్రిప్పుచు, మమ్మును అడిగినది: “పిట్టలకొగ్గీమంటారు, సరే అయ్యగారూ. మరి మా పిల్లలకెవులొగ్గుతారు?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆమె ఊరక అడుగలేదు. ఇచ్చట వేట చాలక మన జిల్లాలవారు గుజరాతులోని వేరావలుకు కూలికి పోవుదురు. 2018 చివర ఆలాగు పోయినవారు కొందరు పాకిస్తానువారి చేత పట్టబడి, 20 మంది 2020 జనవరిలో గాని విడుదల పొందలేదు. టిబెట్ పక్షి ఇచ్చటికి వచ్చును. ఇచ్చటి తండ్రి పడమటి సముద్రమునకు పోవును.

తరువాత వాక్యమును మరల చదివితిమి. పరిగె ఎవరి కొరకు? బీదలకును పరదేశులకును. ఆజ్ఞ ఎవరికి? పొలము గలవానికి. కాబట్టి పిట్టయు ఆ సహోదరియు ఒక్క ప్రక్కనే నిలుచుచున్నారు. దరి నీరు చిన్న పడవలవారికి దక్కవలెనని 1994లో మన రాష్ట్రమున చట్టము చేయబడెను. దానిని మీరి దరికి వచ్చు మరపడవ ఇద్దరి పరిగెయు ఏరుకొనుచున్నది. ఈ మాట రేవులలోని పెద్దలకు చెప్పకుండ ఆకలిగొన్న ఇంటికి మాత్రమే ప్రసంగించుట మాకు తగదు.

అయితే మన చేతులును శుద్ధములు కావు. అలివి వల లాగినప్పుడు గోరంత చేపపిల్లలు ఇసుకమీద ఎండి పోవుట మేము చూచితిమి. తల్లిపక్షిని పిల్లలతో కూడ తీసికొనవద్దని ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు ఇంజను పడవలకు వేట నిషేధించుట గ్రుడ్లుపెట్టు చేప నిమిత్తమే. 2025లో ప్రభుత్వమువారు దాని నిమిత్తము కుటుంబమునకు 20,000 రూపాయలిచ్చిరి. దానితో రెండు నెలలు ఇల్లు గడచునని మేము చెప్పజాలము. ఆ దినములలో సంఘము గింజలు కూర్చి ఆ ఇండ్లకు పంపవలెనని మాత్రము అడుగుచున్నాము. పొలముగలవారు విడువవలసిన ఓర అది.

ఆ సహోదరి, నిషేధము తీరి పడవ దిగకముందు ఒడ్డున ప్రార్థనకు మమ్మును రమ్మన్నది. తన పెనిమిటి వలలో సన్నకంటి ముక్క యొకటి ఉన్నదనియు, దానిని ఏమి చేయవలెనో అప్పుడు కూర్చుండి మాటలాడుదుమనియు చెప్పినది. మేము వెళ్లుదుము.