పరుగు, జంగమం, సంఘం

పరుగు ఒంటరి సాధన. ఒకరి ఊపిరి మరొకరు తీయలేరు. మరి కలిసి పరుగెత్తేవారు సంఘమవుతారా? బీదర్ జిల్లాలో దీనికి పాత జవాబుంది. ఆ జిల్లాలోనిదే బసవకల్యాణ్. శివభక్తులైన శరణుల సంప్రదాయం ప్రకారం 12వ శతాబ్దంలో అక్కడి అనుభవ మంటపమనే చర్చావేదికలో చాకలి మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, అక్కమహాదేవి సమానులుగా కూర్చున్నారు. ఆ శరణుల కథలను పాల్కురికి సోమనాథుడు బసవపురాణంతో తెలుగువారికి అందించాడు. స్థావరం (కదలనిది) కన్నా జంగమమే (కదిలేదే) వారికి మిన్న, కాయకమే (శ్రమే) పూజ.

2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ వంటి పరుగు బృందాలనూ ఈ వెలుగులో చూడవచ్చు. పరుగుదారిలో పుట్టుక లెక్కకు రాదు. అయితే వేగమే కొత్త హోదా కాగలదు, అసలు చిక్కు అదే. ముందున్నవారు వెనకబడినవారి కోసం ఆగితేనే గుంపు సంఘమవుతుంది. శరణుల దాసోహ (సేవా) భావం కోరేదీ ఇదే. కనుక చిన్న ఊరి క్లబ్బు మొదట ఎంచుకోవాల్సింది స్త్రీలు, వృద్ధులు నడిచైనా చేరగల వేళను, దారిని.