పునఃపఠనము

కథ తెలియగోరి చదువుట యొకటి. కథ తెలిసిన పిదప చదువుట మఱియొకటి. మొదటి పఠనమున మనము పాత్రల వెంట పరుగిడుదుము. రెండవ పఠనమున నిలిచి ప్రశ్నింతుము. ఈ రెండవ పఠనము వలన చదువరికి గ్రంథముపై తీర్పు చెప్పు నధికారము కలుగునా? కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము నుదాహరణముగా గొని యీ విషయమును విచారింప దలచితిమి.

1880లో పుస్తకరూపమున వెలువడిన యీ నవలను బాల్యమున చదివినవారికి ధవళేశ్వరపు గృహస్థుడగు రాజశేఖరుడే సర్వమును. ముఖస్తుతులను నమ్మి, బంగారము చేసి యిత్తునన్న కపటయోగిని నమ్మి, అతడు కలిమిని గోల్పోవుట చూచి నవ్వుదుము; మఱల బాగుపడుట చూచి సంతసింతుము. సాహిత్య విద్యార్థులమై తిరిగి చదువునప్పటికి, గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు దీనికి ప్రేరణ యని తెలిసియుండును. తరగతిలో మెప్పు పొందుటకు ఈ యెఱుక చాలును. కాని కథ యెక్కడినుండి వచ్చెనో తెలిసినంతమాత్రమున కథ యెక్కడ తాకవలెనో తెలిసినట్లు గాదు.

రాజశేఖరుని కూతురు రుక్మిణికి భర్త మరణించెనను వార్త వచ్చును. కడకు ఆ వార్త యబద్ధమై, భర్త సజీవుడై తిరిగి వచ్చును. తొలిపఠనమున మనకిది యానందము. మలిపఠనమున నొక ప్రశ్న పుట్టును: ఆ వార్త నిజమైయుండిన రుక్మిణి గతి యేమి? నవల దీనికి బదులు చెప్పలేదు. భర్తను బ్రతికించి ప్రశ్ననే తొలగించినది. లోకమున నట్టి వార్త వినిన స్త్రీలలో నెందఱికి భర్తలు తిరిగి వచ్చిరి?

ఇచట విద్యార్థి తొందరపడి, సంస్కర్త వెనుదీసెనని తీర్పు చెప్పవచ్చును. అది న్యాయము గాదు. 1879లో పంతులుగారు వితంతు వివాహమును గూర్చి బహిరంగముగా నుపన్యసించిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించి, బహిష్కారము నోర్చిరి. నవల దాటిపోయిన ప్రశ్నకు జీవితమున బదులు చెప్పిరి. గ్రంథకర్త నడవడి గ్రంథములోని లోటును పూడ్చునా యందురేమో, పూడ్చదు. ఆ లోటు అచటనే యున్నది, ఉండవలెను గూడ. దానిని కప్పిపుచ్చుట భక్తి గావచ్చును గాని పఠనము గాదు.

అయినను లోటును కనిపెట్టుటతో చదువరి పని ముగియదు. రుక్మిణి గతి యేమని పుస్తకము నడిగినవాడు ఆ ప్రశ్నను తన యింటను అడుగవలెను. భర్తను గోల్పోయిన తల్లిని కన్నకూతురి పెండ్లి పీటలయొద్దకు రానీయని గృహములు నేటికిని గలవు. అట్టి పెండ్లిలో పెద్దలకు భయపడి మిన్నకుండువాడు, నూటికి పైగా సంవత్సరముల నాటి నవలాకర్తకు ధైర్యము చాలలేదని పరీక్షలో వ్రాసిన నేమి ప్రయోజనము? మలిపఠనము మనకిచ్చునది తీర్పరి పీఠము గాదని మేము తలతుము. గ్రంథము విడిచిన ప్రశ్న చదువరి మెడపై ఋణముగా నిలుచును. దానిని ఆచరణముచేతనే తీర్పవలెను.