కానుకల సంచికి ఇద్దరు, బిడ్డకు ఎందరు?

ధ్యానింపవలసిన భాగములు: మత్తయి 18:1-14, అపొస్తలుల కార్యములు 6:1-6, 2 కొరింథీయులకు 8:16-22.



ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మన గుడులన్నిటిలోను జరుగు పని యొకటి కలదు. కానుకల సంచిని బల్లమీద కుమ్మరించి ఇద్దరు పెద్దలు లెక్కపెట్టుదురు. ఒకరు నోట్లు, ఒకరు చిల్లర. మొత్తమును పుస్తకములో వ్రాసి ఇద్దరును చేవ్రాలు చేయుదురు. కోశాధికారి ఎంత నమ్మకస్థుడైనను ఆ సంచిని లెక్కపెట్టకుండ ఒంటరిగా ఇంటికి తీసికొనిపోడు. అందుకు ఏ పెద్దయైనను అలుగుట మేము ఇంతవరకు చూడలేదు.

గడచిన మాసమున మా సంఘ కమిటీలో మేమొక మాట ఎత్తితిమి. మన బోర్డింగులో పెద్దవారెవరును మూసిన గదిలో ఒక బిడ్డతో ఒంటరిగా ఉండరాదు. రాత్రివేళ పిల్లలు పండుకొను చోటికి ఒక్కరే పోరాదు. వృద్ధుల గృహములో ఎవరిచేతనైన వేలిముద్ర వేయింపవలసి వచ్చినయెడల ఇద్దరు సాక్షులుండవలెను. ఈ నియమములను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింపవలెనని చెప్పితిమి. కొంతసేపు ఎవరును మాటాడలేదు. అటుపిమ్మట, ముప్పది యేండ్లుగా సంఘమునకు సేవచేసిన పెద్ద యొకరు మెల్లగా, "అయ్యగారూ, మన మనుషుల మీద మనకే అనుమానమా? ప్రేమ ఉన్నచోట కావలి ఎందుకండీ?" అని యడిగిరి.

ఈ ప్రశ్న చెడ్డ మనస్సునుండి వచ్చినది కాదు. ఆయన తన పొలము పంటలో మొదటి బస్తా బోర్డింగు పిల్లలకు పంపు మనిషి. కనుక ఆ ప్రశ్నను త్రోసివేయక, దేవుని వాక్యపు వెలుగులో మీతో కలిసి ఆలోచింప గోరుచున్నాము. నమ్మికకును కావలికిని విరోధము కలదా?

యెరూషలేములోని బీదల నిమిత్తము అపొస్తలుడైన పౌలు సంఘములలో చందా పోగుచేయించెను. అప్పటికి ఆయన పేరు ఎరుగని సంఘము లేదు. "నేను అపొస్తలుడను, నన్ను నమ్మరా?" అని ఆయన అడిగియుండవచ్చును. అడుగలేదు. తీతుతోకూడ సంఘములవారు ఏర్పరచిన సహోదరుని, వేరొక సహోదరుని పంపెను. ఆ గొప్ప ధర్మము విషయమై ఎవరును తమమీద తప్పు మోపకుండునట్లు జాగ్రత్తపడుచున్నామని, ప్రభువు ఎదుట మాత్రమే గాక మనుష్యుల ఎదుటను యోగ్యమైనదానిని ఆలోచించుచున్నామని ఆయన వ్రాసిన భావము. తనమీద సాక్షులను పెట్టుమని తానే కోరుట భక్తునికి అవమానము కాదు, అది అతని ఘనత.

రూపాయిల విషయములో మనము దీనిని ఎప్పుడో నేర్చుకొంటిమి. బిడ్డల విషయములో ఏల నేర్చుకొనలేదు? సంచిలో పది రూపాయిలు తక్కువైన యెడల వచ్చే ఆదివారము నింపవచ్చును. బిడ్డలో తరిగిపోయినది ఏ కానుకతో నింపుదుము?

ఇక్కడ మా సొంత సంగతి యొకటి చెప్పవలసియున్నది. చెప్పుట మాకు సులభము కాదు.

పదకొండేండ్ల ప్రాయమున మేము చదువు నిమిత్తము ఒక బోర్డింగులో ఉంటిమి. అది ఎక్కడిదో చెప్పనక్కరలేదు. మా చాప ప్రక్కన చాప వేసికొను బాలుడొకడుండెను. లెక్కలలో మా అందరికంటె చురుకైనవాడు. దసరా సెలవుల తరువాత వాడు సరిగా అన్నము తినుట మానెను. దీపమార్పగానే దుప్పటి తలమీదుగా చుట్టుకొని గోడవైపునకు జరిగిపోయెడివాడు. రెండు మారులు కాలినడకను ఇంటికి పారిపోయెను. రెండు మారులును వాని తండ్రి ఆనాటి కూలి పోగొట్టుకొని వానిని తిరిగి తీసికొనివచ్చి, అక్కడి పెద్దమనిషి కాళ్లమీద పడవేసి, "బాబుగారూ, మీరే తండ్రి, వీడికి బుద్ధి చెప్పండి" అని యప్పగించి పోయెను. ఏ మనిషినుండి బిడ్డ పారిపోయెనో ఆ మనిషి చేతికే అప్పగించెను. ఆ పెద్దమనిషి ప్రార్థన చేసినప్పుడు కన్నీరు పెట్టనివారు లేరు.

మాకు అంతయు తెలియదు. గాని రాత్రివేళ ఆ బాలునికి పిలుపు వచ్చుట తెలియును. తిరిగివచ్చి వాడు నోటిలో దుప్పటి కుక్కుకొని ఏడ్చుట వింటిమి. ఏమని అడుగలేదు. ఎవరికిని చెప్పలేదు. మా అన్నము, మా ఫీజు, మా చదువు అన్నియు ఆ మనిషి చేతిలోనే యుండెను. మూడవ మారు పారిపోయిన ఆ బాలుడు మరల రాలేదు. చదువు అంతటితో సరి.

ఇరువది యేండ్ల తరువాత మేము పాదిరిగా ఒక పెండ్లికి పోయినప్పుడు, పందిట్లో కుర్చీలు సర్దుచు అతడు కనబడెను. మొదట 'అయ్యగారూ' అనియే పలుకరించెను. ఆనాడు జరిగినది కొంత చెప్పెను. వెళ్లునప్పుడు మాత్రము చిన్ననాటివలె, "నువ్వు మేలుకొనే ఉన్నావు గదరా" అనెను. కోపముతో అనలేదు. ఆ మాటను మేము నేటివరకు మోసికొని తిరుగుచున్నాము.

ఆ బాలుడు ఏల చెప్పలేదని ఎవరైన అడుగవచ్చును. ఏమని చెప్పును? ఎవరితో చెప్పును? ఊరంతయు గౌరవించు భక్తునిమీద కూలివాని కొడుకు మాట ఎవరు నమ్ముదురు? మన దేశ ప్రభుత్వము 2007లో ప్రకటించిన బాలల అధ్యయనములో, ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నింపగా, నూటికి 53 మంది ఏదో యొక రీతిని లైంగికముగా బాధింపబడితిమని చెప్పిరి. బాధించినవారిలో సగముమంది బిడ్డకు తెలిసినవారు, లేక బిడ్డ నమ్మవలసిన స్థానములో ఉన్నవారు. అధిక సంఖ్యాకులు ఎవరికిని చెప్పుకొనలేదు. తోడేలు అడవినుండి వచ్చునని మనము దడి కట్టుచున్నాము. అది దడి లోపలకూడ ఉండవచ్చునని ఈ లెక్క చెప్పుచున్నది.

మా మట్టుకు మేము తెలిసికొన్నది యిది: నియమము బలహీనునికి నోటి నిచ్చును. "రాత్రివేళ ఏ బిడ్డనును ఒంటరిగా పిలువరాదు" అను మాట ఆ గోడమీద ఉన్నయెడల, పదకొండేండ్ల పిరికివారమైన మేముకూడ ఒక మాట చెప్పగలిగియుందుము. 'ఆయన పాపి' అని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. 'ఆయన నియమము తప్పెను' అని చెప్పుటకు చాలియుండును. నియమములేని చోట బిడ్డ ఒక గొప్పవానిమీద నేరము మోపవలెను. నియమమున్న చోట గోడమీది వ్రాతను చూపించిన చాలును.

ఇది పిల్లలకు మాత్రమే కాదు. పింఛను కాగితముమీద ఏమున్నదో చదువనేరని వృద్ధురాలు, తన గిన్నెలో ఎంత వడ్డించిరో కానలేని అంధుడు, మతి చాలని పడుచుపిల్ల, మంచము దిగలేని రోగి - వీరందరును మన దయమీద బ్రదుకుచు, మన దయకు వెరచువారే. అన్నము పెట్టు చేతిని నిందించుట కంటె ఆకలికి ఓర్చుట వారికి తేలికగా తోచును. ఆదిసంఘములో అనుదిన పరిచర్యయందు తమ విధవరాండ్రు విడువబడుచున్నారని గ్రీకు భాష మాటలాడు యూదులు సణిగినప్పుడు, అపొస్తలులు "సంఘమునకు చెడ్డపేరు తేకుడి" అని గద్దింపలేదు. అందరిని పిలిచి ఏడుగురిని ఏర్పరచుడనిరి. స్తెఫను, ఫిలిప్పు మొదలైన ఆ ఏడుగురి పేర్లను చదువుడి; అన్నియు గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి పక్షపువారినే బల్లయొద్ద నిలిపినట్లు కనబడుచున్నది. ఫలితమేమి? దేవుని వాక్యము మరింత ప్రబలెనని ఏడవ వచనము చెప్పుచున్నది. ఫిర్యాదు వినుటవలన సంఘము చెడలేదు, పెరిగెను.

వినకపోయిన యెడల ఏమగునో మన తల్లిసంఘములలో నొకటి చూపినది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు దానిలో చేరినవారిలో ఆంగ్లికనులు ఒకరు. ఆ ఆంగ్లికనుల దేశమైన ఇంగ్లండులో, బాలురకు క్రైస్తవ శిబిరములు నడుపు ఒక ధర్మసంస్థకు జాన్ స్మైత్ అను న్యాయవాది అధ్యక్షుడుగా ఉండెను. అతడు శిబిరములలో పరిచయమైన బాలురను, యువకులను తన తోటలోని గదికి పిలిచి, పాపమునకు శిక్షయను నెపముతో రక్తము వచ్చునట్లు బెత్తముతో కొట్టెను. 1982లో ఒక రహస్య నివేదిక వ్రాయబడెను. దానిని ఎరిగిన పెద్దలు, బయటపడిన యెడల దేవుని పనికి నష్టమని యెంచి పోలీసులకు చెప్పలేదు. 1984లో అతడు జింబాబ్వేకు పోయి అక్కడ మరల శిబిరములు నడిపెను, మరల పిల్లలను కొట్టెను. ఏ న్యాయస్థానమును శిక్ష విధింపకుండగనే 2018లో దక్షిణాఫ్రికాలో చనిపోయెను. 2024 నవంబరులో ప్రకటింపబడిన మేకిన్ నివేదిక ప్రకారము బాధితులు నూరుమందికి పైగా ఉందురు. 2013లో సంఘాధికారులకు వర్తమానము అందిన తరువాతకూడ చేయవలసినంత చేయలేదని ఆ నివేదిక తేల్చగా, నవంబరు 12న కాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించెను. దేవుని పనికి నష్టము రాకూడదని దాచినది, నలువది రెండేండ్ల తరువాత దేవుని పనికే గొప్ప నష్టముగా బయలుపడెను. మధ్యకాలములో దాని వెల చెల్లించినవారు ఆఫ్రికా బీద దేశపు పిల్లలు.

2 సమూయేలు 13వ అధ్యాయములో దావీదు తన కుమార్తెయైన తామారునకు జరిగిన అన్యాయమును విని మిక్కిలి కోపపడెనని యున్నది. అంతే. ఏమియు చేయలేదు. అన్న ఆమెను ఊరకుండుమనెను; ఆమె ఆ యింట చెరుపబడినదై నిలిచిపోయెను. కోపపడి ఊరకుండు తండ్రివలన బిడ్డకు కలిగిన మేలేమి?

"అయ్యగారూ, క్షమింపుమని ప్రభువు చెప్పలేదా?" అని కొందరు అడుగుదురు. చెప్పెను. గాని బిడ్డకు జరిగిన హానిని బిడ్డకు బదులు మనము క్షమించుట మన చేతిలోని పని కాదు. మరియు క్షమాపణ వేరు, తాళపుచెవులు వేరు. దొంగతనము మానిన సహోదరుని ప్రభువు బల్లయొద్దకు చేర్చుకొందుము, గాని వానిని కోశాధికారిగా నియమింపము. పశ్చాత్తాపపడిన వాని కొరకు ప్రార్థింతుము, గాని పిల్లల గదిలోనికి పంపము.

ఊరిలో నలుగురు పెద్దలు కూర్చుండి, ఇంత సొమ్ము ఇప్పించి రాజీ చేయుట మనకు వాడుక. ఈ విషయములో అది పాపము, నేరముకూడ. 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము ప్రకారము, 18 ఏండ్లలోపు బిడ్డపై లైంగిక నేరము జరిగెనని ఎరిగిన ఏ మనుష్యుడైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపనివానికి ఆరు మాసముల వరకు జైలు గాని జరిమానా గాని రెండును గాని కలుగవచ్చును; తన క్రింది పనివాని నేరమును దాచిన సంస్థాధికారికి ఒక సంవత్సరము వరకు జైలు, జరిమానా. మత సంస్థలో పనిచేయువాడే ఆ సంస్థలోని బిడ్డకు హానిచేసినయెడల చట్టము దానిని మరింత ఘోరమైన నేరముగా ఎంచుచున్నది. మంచి మనస్సుతో తెలిపినవారిమీద ఏ దావాయు నిలువదు. బిడ్డ వాఙ్మూలమును బిడ్డ యింటిలో, సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారి, యూనిఫారము లేకుండ తీసికొనవలెను. కనుక 'పోలీసు స్టేషను మెట్లెక్కించుటయా?' అని తలిదండ్రులు భయపడనక్కరలేదు. పిల్లల నిమిత్తము 1098, వృద్ధుల నిమిత్తము 14567 అను ఫోను నంబర్లు కలవు. వీనిని మీ బైబిలు అట్టలోపల వ్రాసికొనుడి.

ఒక మనవి. ఇట్టి సంగతి తెలిసినప్పుడు ప్రార్థన కూటములో బిడ్డ పేరు చెప్పి ప్రార్థింపకుడి. అది ప్రార్థనవలె కనబడు చాటింపగును. బిడ్డ చెప్పినది నిదానముగా వినుడి. పదిమారులు అడిగి వేధింపకుడి. "నీవు తప్పు చేయలేదు" అని చెప్పుడి. ఆ దినమే చెప్పవలసినవారికి చెప్పుడి.

మా కమిటీ సంగతి చెప్పి ముగింతుము. ఆ పెద్దగారు ఆ దినమున సమాధానపడలేదు. మరుసటి ఆదివారము ఆరాధన తరువాత చిల్లర లెక్కపెట్టుచు నడుమ ఆగి, "అయ్యగారూ, ఇన్నేళ్లు ఈ డబ్బు ముట్టుకొన్నాను. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. పక్కన రెండోవాడు ఉండబట్టేనేమో" అనిరి. పుస్తకములో చేవ్రాలు చేసి, మేకులు సుత్తి తీసికొని తానే బోర్డింగుకు పోయి, ఆ పలకను పిల్లల కన్నులకు అందునంత ఎత్తున కొట్టిరి. మేము మరికొంత పైన కొట్టుమంటిమి. "చదవాల్సింది వాళ్లు గదండీ" అనిరి.

మీ సంఘములో బోర్డింగు లేకపోవచ్చును. ఆదివారపు బడి కలదు, వాక్యపాఠముల పోటీలు కలవు, సెలవులలో కూటములు కలవు, ఒంటరిగా ఉన్న ముసలితల్లులు కలరు. ఈ వారము గుడి ప్రాంగణమంతయు ఒకమారు నడిచి, ఎక్కడ తలుపు మూసికొనునో, ఎక్కడ రెండవ కన్ను లేదో చూడుడి. ఆ రాత్రి మేము మేలుకొనియు కన్నులు మూసికొంటిమి. మీరు అట్లు చేయకుడి.

ప్రార్థన: కునుకక నిద్రింపక కాయు ప్రభువా, నీ చిన్నవారిని మా చేతులకు అప్పగించితివి. మేము చూచియు చూడనట్లుండిన దినములను క్షమించుము. మా కన్నులు తెరువుము, మా నోరు తెరువుము. భయముతో పండుకొను ప్రతి బిడ్డయొద్దను నీవుండి, మమ్మునుకూడ అచ్చటికి పంపుము. ఆమేన్.